పెద్దోడా, చిన్నోడా

మా పక్కింటి అక్క పోయిన వారం కన్నుమూసింది. హనుమకొండ దవాఖానకు ఆటోలో తీసుకుపోతుండగానే నా భుజం మీద తల వాల్చేసింది. గుండె ఆగిపోయిందని డాక్టరు రాసిచ్చాడు. ఆగక ఏం చేస్తుంది? ఇన్నాళ్లూ అది కొట్టుకోవడమే నాకు వింతగా ఉండేది.

ఆమెది రఘునాథపల్లి వైపు ఒక ఊరు. భర్త పోయాక ఇద్దరు మగపిల్లలను వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. నేను కాలేజీలో జన్యుశాస్త్రం చెప్పేదాన్ని. మా రెండిళ్లకూ నడుమ గోడ ఒక్కటే. ఆమె గొంతు ముందు ఆ గోడ ఎంత! "ఏందే చెల్లె, ఎప్పుడు జూసినా ఆ పుస్తకాలేనా, కండ్లు పోతయ్. రా, ఇంత తిను" అని అటునుంచే కేకేసేది. ఆకలి లేదంటే ఊరుకునే రకం కాదు. "కడుపు మాడినోళ్ల మాట నేను ఇనను" అనేది. ఈ ఊళ్లో ఒంటరిగా బతికిన నాకు వేళకు అన్నం తినడం అలవాటు చేసింది ఆమే.

కొడుకులను ఎన్నడూ విడదీసి మాట్లాడేది కాదు. "మా పోరగాండ్లు" అనేది, అంతే. పెద్దోడి చొక్కా చిన్నోడు వేసుకునేవాడు, చిన్నోడి చెప్పులు తొడుక్కుని పెద్దోడు బజారుకు పోయేవాడు. పెళ్లిళ్లు కాకముందే ఇద్దరూ దూరాన ఒక ప్లాస్టిక్ సామాన్ల గోదాములో పనికి చేరారు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఆ షిఫ్టులోనే గోదాము తగలబడింది.

మంటలు ఆరాక దొరికినదాంట్లో మనిషి పోలిక లేదు. అక్క నెత్తురు తీసుకుని పోల్చి చూశారు. ఒక పెట్టెలో పెట్టిన ఎముకలు ఆమె కొడుకువని తేలింది. రెండో కొడుకుది ఏమీ దొరకలేదు. ఆ రిపోర్టు పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"చదివి చెప్పు చెల్లె. పెద్దోడా, చిన్నోడా?"

ఆ పాఠం క్లాసులో ఎన్ని ఏళ్లు చెప్పానో! ఆ రోజు క్లాసు మాటలు పనికిరాలేదు. ఆమె మెడలోని జపమాల చూపించి మొదలుపెట్టాను. "డి.ఎన్.ఏ.ల కొన్నికొన్ని చోట్ల ఒకటే చిన్న ముక్క ఈ పూసల్లెక్క వరసగ మళ్లమళ్ల వస్తదక్కా. ఎన్నిసార్లు వస్తదనేది మనిషికీ మనిషికీ మారుతది. ప్రతి చోటా ఒక లెక్క తల్లి నుంచి వస్తది, ఒకటి తండ్రి నుంచి. ఈ ఎముకలల్ల అన్ని చోట్లా ఒక లెక్క నీదే ఉన్నది. మన దిక్కు జనంల వేరేటోళ్లకు ఇట్ల ఉత్తగనే కలవదని కూడా చూసిండ్రు. నీ కొడుకే."

"నా కొడుకని నాకెరుకనే. ఏ కొడుకు?"

"నీ నెత్తురు ఇద్దరిలనూ ఉన్నది గదక్కా. అది చెప్పదు."

ల్యాబు వాళ్లు ఒక దారి చూపించారు. ఇద్దరిలో ఒక్కడే వాడిన వస్తువు ఏదైనా తెమ్మన్నారు. అక్క ఇల్లంతా తిరగేసింది. ఒక్కడే వాడిన వస్తువు ఆ ఇంట్లో ఎక్కడిది? దువ్వెన ఇద్దరిదీ, తువ్వాలు ఇద్దరిదీ. చివరికి ట్రంకు పెట్టె అడుగు నుంచి తగరపు డబ్బీ ఒకటి తీసింది. పుట్టిన పిల్లల బొడ్డు ఎండి రాలితే దాచుకుంటారు కదా, ఆమె కూడా దాచుకుంది. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. మూత తీస్తే లోపల ఒకటే మూట, మూటలో రెండు బొడ్లు. ఇల్లు మారేటప్పుడు వేరు వేరుగా ఎందుకని కలిపి కట్టేసిందట. "అన్నదమ్ములే గద చెల్లె, ఒక్కకాడ ఉంటరనుకున్న" అంది.

అయినా పంపించాం. జవాబు ఎంత చక్కగా వచ్చిందో చూడండి. రెండింట్లో ఒకటి ఎముకలతో ప్రతి చోటా అచ్చంగా కలిసింది. రెండోది అతని తోబుట్టువుది. ఏది ఎవరిదో తల్లే చెప్పాలి. నేను జీవితమంతా నమ్ముకున్న చదువు మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. తప్పు దానిది కాదని తెలిసీ కోపం వచ్చింది.

పెట్టెను చర్చి సమాధుల్లో పూడ్చాం. సిలువ మీద ఏం పేరు రాయాలని ఫాదర్ అడిగితే అక్క ఆయన చేతులు పట్టుకుంది.

"ఒకని పేరు రాస్తె వాణ్ణి నేనే సంపినట్టు గాదా ఫాదర్? రాయకుండ్రి. ఎవడో నాకెరుక లేదు గని, ఒకడైతె ఉన్నడు."

ఉన్నాడా? లేడు. ఇద్దరూ గోదాములోకి పోవడం చూసినవాళ్లు ఉన్నారు, ఒక్కడైనా బయటికి రావడం చూసినవాళ్లు లేరు. అది నాకు తెలుసు, ఫాదర్‌కు తెలుసు. అక్కకు తెలియదని నేననుకోను. కానీ ఫోను మోగితే చాలు, పిండి చేతులతోనే ఎత్తేది. "ఎవరూ? పెద్దోడా, చిన్నోడా?" అవతల క్రెడిట్ కార్డు అంటగట్టే పిల్ల ఎవరో ఉండేది. "గట్లనా బిడ్డా. జర యాళ్లకు తిను" అని ఆ పిల్లకు కూడా చెప్పి పెట్టేసేది. రానురాను గోడ అవతలి కేక ఆగిపోయింది. నేనే వండి తీసుకుపోతే "అరుగుతలేదే చెల్లె" అని పక్కన పెట్టేది. ఓదార్చడానికి నా దగ్గర ఒక్క మాట లేకపోయింది. ఉన్నట్టు ఇప్పుడు రాయలేను.

ఆమెను కొడుకు పక్కనే పూడ్చాం. నిన్న తొర్రూరు నుంచి ఆమె మరిది వచ్చి, ఒక పెయింటర్‌ను తీసుకుని సమాధుల దగ్గరికి పోయాడు. నేనూ వెళ్లాను. వదిన సిలువ మీద వదిన పేరు రాసి, పక్క సిలువ మీద కొడుకులిద్దరి పేర్లూ రాయమన్నాడు.

"వద్దన్నా. అక్క ఒప్పుకోలే" అన్నాను.

"ఇగ ఎవలున్నరని మేడం, బాధపడేటందుకు?" అన్నాడాయన. గట్టిగా కూడా అనలేదు, కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

పెయింటర్ రంగు డబ్బాను అక్క మీది పచ్చి మట్టిలో కదలకుండా గుచ్చి నిలబెట్టాడు. గొంతుక్కూర్చుని పెద్దోడి పేరు పూర్తి చేశాడు. కుంచె మళ్లీ డబ్బాలో ముంచి, చిన్నోడి పేరు మొదలుపెట్టాడు.