వరస కలిసిన రాజూ రాణీ

మొన్న బొమ్మనహళ్ళిలో మా మనవరాలి ఇంటికి వెళ్ళినప్పుడు, వాళ్ళ అపార్ట్‌మెంటు వాళ్ళంతా కలిసి ఏదో పాటల నాటకం వేస్తున్నారని, కింద హాల్లో రిహార్సల్ జరుగుతుంటే నన్నూ తీసుకెళ్ళి ఓ కుర్చీలో కూర్చోబెట్టారు. మనవరాలిది రాణి వేషం, ఎదురింటి తమిళుల అబ్బాయిది రాజు వేషం. వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని పాడుతుంటే, మనవరాలి మొగుడు పక్కనే కూర్చుని తాళం తప్పినప్పుడల్లా దిద్దుతున్నాడు. మధ్యలో అది నా దగ్గరికొచ్చి, అవ్వా, నువ్వెప్పుడైనా నాటకంలో వేశావా అని అడిగింది. లేదన్నాను. ఈ వయసులో అబద్ధమెందుకాడానో గానీ, ఆడగానే మొహం వేడెక్కింది.

మీలో నా ఈడువాళ్ళకు పేటలోని నాటక సమాజాలు గుర్తుండే ఉంటాయి. పగలంతా కొట్లోనో మగ్గం ముందో కూర్చున్న మనిషే సాయంత్రానికి కిరీటం పెట్టుకునేవాడు. మా వీధి సమాజానికి అమ్మ తండ్రి, మా తాత, పెద్ద. నాన్న ఇల్లరికం వచ్చినందువల్ల మేమూ ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం. రిహార్సళ్ళు మా ఇంటి ముందరి పడసాలలోనే జరిగేవి గనక, పులుసు కాగే వాసనా హార్మోనియం మోతా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కలిసే ఉండేవి. రాజు వేషాలకు మా మేనమామ పెట్టింది పేరు. పట్టునూలు కొట్లో పని చేసేవాడు. భార్య తొలికాన్పులో పోయాక మళ్ళీ పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు, ఆయనకు మిగిలిన సంసారమల్లా ఆ పాటే. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని కడలేకాయ పరిషకు, అదే వేరుశనక్కాయల తిరునాళ్ళకు, తీసుకెళ్ళిన మనిషి, నాకు నాన్న దగ్గరకంటే ఆయన దగ్గరే చనువెక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి కూర్చుని చూడదగ్గ పాటల నాటకం ఒకటి తాత తానే రాశాడు. అడవిలో తప్పిపోయిన రాణి, ఆమెను వెతుక్కుంటూ తిరిగే రాజు, చివరకు ఇద్దరూ కలుసుకోవడం, అంతే కథ. ఎప్పుడూ రాణి వేషం కట్టే దర్జీ ఆయన అప్పటికే కాపురం మైసూరికి మార్చేశాడు. కాలం మారుతోంది, మన పిల్లనే ఎక్కిద్దామన్నాడు తాత. నాకప్పుడు పదిహేనేళ్ళు, బాగా పాడతానని వీధిలో పేరుండేది. మా అవ్వ, అంటే అమ్మ తల్లి, ససేమిరా అని, అని, ఆఖరికి ఒక్క షరతు మీద దిగివచ్చింది.

"పాడనీ, ఆడనీ, నేనొద్దనను. పక్కన నిలబడేవోడు మాత్రం వరసైనోడై ఉండల్ల. రేపు ఎవురూ ఒక మాట అనకూడదు."

నాకు బావలు లేరు. మాలో మేనమామను చేసుకోవడం మామూలే గనక, వరస కలిసేవాడు మామ ఒక్కడే అయ్యాడు. నలుగురి నోళ్ళూ మూయించడానికని పెట్టిన షరతే అందరి నోళ్ళూ తెరిపిస్తుందని ఆ పెద్దవాళ్ళకెవరికీ తోచకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

రిహార్సళ్ళలో చాప మీద కూర్చుని పాడుకోవడమే, చేతులు పట్టుకోవడాలవీ నాటకం రోజున చూసుకోవచ్చులే అన్నాడు తాత. ఆ రోజు రానే వచ్చింది. బడి ఆవరణలో పెట్రోమాక్సు దీపాలు, ముందు వరసలో మా వీధి ఆడవాళ్ళంతా. ఆఖరి రంగంలో మామ పాట ఎత్తుకుని, రాజు రాణిని ఎలా చూడాలో అలా నా వైపు చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు. కాటుక కళ్ళతో, రంగు మొహంతో ఎదురుగా ఉన్నది మామ కాదు, ఎవరో మగవాడు. చటుక్కున చెయ్యి లాక్కున్నాను. కొత్త పెళ్ళికూతురికి సిగ్గని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, వెంటనే వన్స్ మోర్ అని కేకలు మొదలయ్యాయి. వన్స్ మోర్ అంటే తప్పించుకునేందుకు లేదు కదా. మామ మళ్ళీ మొదటి నుంచీ పాడి, మళ్ళీ చెయ్యి చాచాడు. నేల చూస్తూ నా చెయ్యి ఇచ్చాను. అంత సిగ్గు నా బతుకులో మళ్ళీ పడలేదు.

తెల్లారేసరికి అవ్వ నోట పెళ్ళి మాట. "జోడీ ఎట్లుండాదో ఊరే చెప్పింది గదా" అంది. కొడుకు మళ్ళీ ఓ ఇంటివాడవుతాడని ఆమె సంతోషం ఆమెది. తాత పంచాంగం తీశాడు, నాన్న ఎప్పటిలాగే తాత మాటకు తలూపాడు. నన్నెవరూ అడగలేదు. మామంటే నాకు కోపమూ లేదు, అసహ్యమూ లేదు, కానీ నన్నెత్తుకు తిరిగిన మనిషికి భార్యనై అన్నం వడ్డించడం తలచుకుంటేనే ఒళ్ళు ముడుచుకుపోయేది. ఆ మాట పైకి అనడం చేతకాక, పెరట్లో నీళ్ళపొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని.

నాటకం రెండోసారి వేయాలని సమాజం వాళ్ళంతా పడసాలలో చేరిన రోజున, మామ నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఈ పాప గొంతులో శ్రుతి నిలవదప్పా. స్టేజీ మింద ఒక పూటే ఓర్చుకోలేకపోతిని, ఇంట్లో దినామూ ఎట్ల వినేది?"

అంతమందిలో ఇంటి ఆడపిల్లను అలా అన్నందుకు తాత మండిపడి, ఇక సమాజం గడప తొక్కద్దన్నాడు కన్నకొడుకుని. మామ చెప్పులేసుకుని వెళ్ళి, కొట్టు వెనకాల గదిలో ఉండిపోయాడు. పెళ్ళి మాట అంతటితో ఆగిపోయింది. నాకు మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టే లేదు, అవమానంతో కుతకుతలాడిపోయాను. వీధిలో ఆడపిల్లలు నన్ను చూసి గొంతు సవరించుకునేవాళ్ళు. పేరంటాల్లో ఎవరు పాడమన్నా పెదవి విప్పలేదు. మామ పండక్కి వచ్చినా పలకరించలేదు.

తరవాత నాకు వేరే సంబంధం కుదిరింది. నలుగు పెడుతూ అమ్మ అప్పుడు చెప్పింది అసలు సంగతి. నాటకం అయిన మర్నాడే మామ ఆమెను పక్కకు పిలిచి, "చెయ్యి పట్టుకుంటే పాప లాక్కునె అక్కా, దానికి ఇష్టమేనా?" అని అడిగాడట. అమ్మ ఏడ్చిందట. నేను చేసుకోనని ఊరికే అంటే మనమ్మ వినదు, వాళ్ళే వద్దనుకునేటట్టు ఏదో ఒకటి చేస్తాలే, పాపకు చెప్పద్దు అన్నాడట.

మేనమామ పెళ్ళికూతుర్ని ఎత్తుకుని పందిట్లోకి తేవడం మాలో ఆచారం. మర్నాడు మామ నన్నెత్తుకుని, "బరువైపోయినావే పాపా" అన్నాడు, పాత చనువుతోనే. ఏదో ఒకటి అనాలని ఎంత అనుకున్నా, సిగ్గుతో తల పైకి రాలేదు. పెళ్ళికూతురి సిగ్గనుకున్నారు చూసినవాళ్ళు. ఆయన పోయేదాకా ఎన్నిసార్లు ఎదురుపడ్డామో, కాఫీ ఇచ్చాను, బాగోగులడిగాను, అసలు సంగతి నాకు తెలుసన్న మాట మాత్రం నోట రాలేదు. ఆయన మళ్ళీ ఏ సమాజంలోనూ పాడలేదు.

ఇప్పటి పిల్లలు వరసలడగరు. అన్నం తింటూనే, నాకిష్టం లేదు అని అనేసి, పెరుగు వడ్డించమంటారు. ఈ కాలం పిల్లలకు భయభక్తులు లేవని మనవాళ్ళు గొణుగుతుంటే నేను వంత పాడలేను. ఆ ఒక్క మాట ఆనాడు నేను అనగలిగి ఉంటే, మా మామ పాట మానేవాడు కాదు.