రజియా ఆపా చుట్టిన కాయిల్

2023 ఎండాకాలం. ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ వెనక ఒక రేకుల షెడ్డులో మేము ఆటల యంత్రాలు తయారుచేసేవాళ్లం. యజమాని గోవర్ధన్ సేట్ వాళ్లది లాడ్ బజార్‌లో తాతల నాటి గాజుల వ్యాపారం. ఆయన ఆ గద్దె మీద కూర్చోలేక, నాణెం వేస్తే ఊగే గుర్రాలు, కార్లు చేసి పిల్లల పార్కులకు అమ్మేవాడు. మా ఇంట్లో అందరూ గుడి సేవలో ఉన్నవాళ్లే. సోల్డరింగ్ పట్టింది నేనొక్కడినే. ఆ షెడ్డులో పదహారేళ్లుగా టెక్నీషియన్‌ని.

ఆ ఏడాది సేట్ పిన్‌బాల్ యంత్రం మొదలుపెట్టాడు. వాలుగా ఉండే బల్ల, దాని మీద అద్దం, అద్దం కింద దొర్లే ఇనుప గుండు. గుండు కిందికి జారిపోకుండా రెండు పక్కలా బటన్లు నొక్కి చిన్న రెక్కలతో దాన్ని పైకి కొడుతుండాలి. ముంబైలోని ఒక కార్టూన్ కంపెనీ తమ వీరుడి బొమ్మను, గొంతును వాడుకోవడానికి మాకు లైసెన్సు ఇచ్చింది. మాలాంటి చిన్నవాళ్లకు అలాంటి అనుమతి దొరకడం మామూలు విషయం కాదు. సేట్ ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి షెడ్డులో వేలాడదీశాడు.

బల్ల మీద కదిలే ప్రతి దాని వెనకా ఒక కాయిల్ ఉంటుంది. ప్లాస్టిక్ గొట్టం మీద సన్నని రాగితీగ వందల చుట్లు చుడితే అది కాయిల్. కరెంటు ఇస్తే క్షణంపాటు ఇనుప కడ్డీని బలంగా లాగి వదిలేస్తుంది. మా కాయిల్స్ అన్నీ రజియా ఆపా చుట్టేది. షెడ్డుకు రెండు సందుల అవతల ఆమె ఇల్లు. ఫ్యాన్ మోటార్లు చుట్టే భర్త దగ్గర పని నేర్చుకుని, ఆయన పోయాక ఆ పనే చేస్తూ బతికింది. నాకంటే పదేళ్లు పెద్దది, అందుకే ఆపా, అంటే అక్క. ఆమె చుట్టిన కాయిల్‌ను నేను ఏనాడూ వెనక్కి పంపలేదు.

పిల్లల ఆటల హాలులో యంత్రాన్ని మొదటిసారి చూపించడానికి పన్నెండు రోజులుందనగా ముంబై నుంచి ఫోన్ వచ్చింది. గుండు తగలగానే బల్ల మీద బొమ్మగా నిలబెట్టిన వీరుడు డాలు ఎత్తి వెంటనే దించుతున్నాడు, అలా కాదు, అతని మాట పూర్తయ్యేదాకా ఎత్తే ఉంచాలి అన్నారు. మాట ఎనిమిది సెకన్లు. క్షణంలో వదిలేయాల్సిన కాయిల్ ఎనిమిది సెకన్లు పట్టుకుని ఉండాలంటే వేడెక్కిపోతుంది. దానికి రెండు చుట్లు కావాలి. లాగడానికి ఒకటి, పట్టి ఉంచడానికి సన్నతీగతో ఇంకొకటి.

ఆపాను అడిగాను.

"జేస్త గాని అన్నా, పెద్ద గొట్టం గావాలె. అది ఢిల్లీ నుంచి రావాలె. పదిహేను రోజులు వడ్తది," అంది.

సేట్ ఒప్పుకోలేదు. "తారీకు మార్చమంటే లైసెన్స్ వాపస్ తీసుకుంటరు మాణిక్యం. ఉన్న కాయిల్‌తోనే ఏదన్న జెయ్యి. ఒక్క రోజు గడవనియ్యి, తర్వాత మార్చుకుందాం," అన్నాడు.

ప్రోగ్రామ్ మార్చి పాత కాయిల్‌నే ఎనిమిది సెకన్లు పట్టుకునేలా చేశాను. యంత్రాన్ని చూపించడానికి ముందురోజు పొద్దున పరీక్షిస్తుంటే మూడుసార్లు ఫ్యూజ్ పోయింది. హద్దు మించి కరెంటు పారితే తాను కాలిపోయి మిగతావాటిని కాపాడే చిన్న తీగ ఫ్యూజ్. అక్కడ ఉండాల్సింది మూడు ఆంపియర్లది. నేను పది ఆంపియర్లది పెట్టాను. ఆ తర్వాత ఆట ఆగలేదు. సేట్ భుజం తట్టాడు. ఏం చేశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు పదకొండు గంటలకు పత్తర్‌గట్టిలో ఒక దుకాణాల భవనం పై అంతస్తులో యంత్రాన్ని తెరిచాం. ముంబై నుంచి ఇద్దరు వచ్చారు. బడి సెలవులు కావడంతో పిల్లలు వరుస కట్టారు. రజియా ఆపా కూడా ఉతికిన బురఖాలో వచ్చి, యంత్రం పక్కన నిలబడి, పిల్లలు ఆడుతుంటే చూస్తోంది. తన కాయిల్స్ పనిచేయడం ఆమె చూడటం అదే మొదటిసారట.

గుండు పదే పదే డాలుకే తగులుతోంది. పిల్లలకు అదే ఇష్టం. కాయిల్ చల్లారడానికి సందు దొరకలేదు. అరగంటకు డాలు ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. నేను అద్దం జరిపి బల్ల పైకి లేపాను. కింద కాయిల్ గొట్టం కరిగి చుక్కలు చుక్కలుగా కారుతోంది. పొగ. వైర్ల మీద చిన్న మంట.

"బంద్ జెయ్ మాణిక్యం," అన్నాడు సేట్.

ప్లగ్గు యంత్రం వెనక గోడకు ఉంది. క్వింటాలు పైన బరువున్న పెట్టెను గోడకు ఆనించి పెట్టాం. దాన్ని జరపడానికి నేను వెనక్కి పరుగెత్తాను. ఆడుతున్న పాప మాత్రం బటన్ల మీద చేతులు తీయకుండా బిత్తరపోయి నిలబడింది. రజియా ఆపా ఒక చేత్తో ఆ పాపను వెనక్కి లాగి, రెండో చెయ్యి లోపల పెట్టి కాయిల్‌ను వైర్లతో సహా పీకేసింది. మంట ఆగింది. కరిగిన ప్లాస్టిక్ ఆమె అరచేతికి అంటుకుపోయింది. చెయ్యి వైపు చూసి మెల్లగా కింద కూర్చుంది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగింది.

"నా కాయిల్ వల్లనే అయ్యిందా అన్నా?"

నేను, "ఇంకా తెల్వదు ఆపా. చూస్తున్నం," అన్నాను.

నాకు తెలుసు. పొద్దున యంత్రం ఇంకా పొగలు కక్కుతుండగానే పది ఆంపియర్ల ఫ్యూజ్‌ను తీసి జేబులో వేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత ముంబైవాళ్లు కారణం రాసి పంపమన్నారు. సేట్ టైపు చేయించాడు: కాయిల్ చుట్టడంలో లోపం, చుట్టినవారు రజియా బేగం. కింద టెక్నీషియన్ సంతకం. "మన దగ్గర తప్పు అని రాస్తే షెడ్డు మూసుడే. ఆమె బయటి మనిషి, ఆమెను ఎవరు అడుగుతరు?" అన్నాడు. నేను సంతకం చేశాను. బలవంతం ఎవరూ చేయలేదు. షెడ్డులో ఉన్న ఆరుగురి పేర్లు నాలో నేను చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

సంగతి బస్తీలో పాకింది. ఆమెకు మోటార్లు ఇచ్చే రెండు దుకాణాలవాళ్లు ఇవ్వడం మానేశారు.

సంతకం పెట్టిన తొమ్మిదో రోజు ఆమెను చూడటానికి వెళ్లాను. చాప మీద కూర్చుని ఎడమచేత్తో ఒక కాయిల్‌ను విప్పుతోంది. పక్కన ఆమె చెల్లెలు విప్పిన చుట్లు లెక్క తప్పకుండా పుస్తకంలో గీతలు గీస్తోంది. ఆపా ఎప్పుడూ ఒకటి అడిగితే రెండు చుట్టి, ఒకటి దగ్గర ఉంచుకునేది. కాలిపోయినదానికి జోడీ అది.

"ఆరు వందల చుట్లు అన్నా. రెండు తాపలు లెక్కవెట్టిన. సరిపోయింది. తీగ మందం గూడ సరిగనే ఉంది," అంది చివరి చుట్టు కూడా విప్పాక. కాసేపు తీగను వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. "మరి నా తప్పు ఏడ వోయింది? నువ్వు చదువుకున్నోనివి, జర చూసి చెప్పు. మల్ల గట్ల కావొద్దు గదా."

అప్పుడు చెప్పాను. ఫ్యూజ్ గురించి, ఎనిమిది సెకన్ల గురించి, సంతకం గురించి. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

చెల్లెలు గీతలు గీయడం ఆపింది.

"చెయ్యి గాలిన నొప్పి తగ్గుతది," అంది ఆపా. "గిన్ని దినాలు నిద్ర వట్టలే నాకు. ఆ పాపకు ఏమన్న అయ్యుంటె నేనే చంపినట్టు గదా అనుకున్న. దవాఖానల అడిగిన గదా నిన్ను? అప్పుడే చెప్పెటోనివి."

ఆమె విప్పిన తీగను ఉండచుట్టి పక్కన పెట్టింది.

"పో అన్నా. ఇగ రాకు," అంది. గొంతు పెంచలేదు.

ఆ రోజే ముంబైకి నా చేతిరాతతో ఇంకో ఉత్తరం పంపాను. ఒక నకలు సేట్‌కు, రెండు నకళ్లు ఆ మోటార్ల దుకాణాలకు ఇచ్చాను. లైసెన్సు రద్దయింది. సేట్ నాతో మాట్లాడకుండానే లెక్క తేల్చి పంపించాడు. నెల తిరక్కుండా షెడ్డు మూతపడింది. నేను కాపాడుతున్నానని అనుకున్న ఆరుగురిలో ఎవరి పనీ మిగల్లేదు. ఆపా కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ మడత పడవు. వాటితో సన్నతీగ పట్టుకోవడం కుదరదు. దుకాణాలు మళ్లీ మోటార్లు పంపుతున్నాయి. చెల్లెలు చుడుతుంది, ఆమె పక్కన కూర్చుని చుట్లు లెక్కపెడుతుంది. ఇది కూడా ఇతరులు చెబితే తెలిసిందే.

ఇప్పుడు నేను లిఫ్టులు బాగుచేసే చోట పనిచేస్తున్నాను. ఫ్యూజ్ పోతే కారణం దొరికేదాకా కొత్తది పెట్టను. ఎంత లొల్లి చేసినా లిఫ్టు ఆగే ఉంటుంది. ఈ వృత్తిలో అది మొదటి రోజే నేర్పుతారు. నేను పదహారేళ్ల తర్వాత ఇంకొకరి చెయ్యి కాల్చి నేర్చుకున్నాను. అయితే ఈ ఉదంతం నాకు నేర్పింది అదొక్కటే కాదు. పెద్ద ఫ్యూజ్ పెట్టిన రోజు నాది తొందరపాటు అని ఎవరైనా అనొచ్చు, నేను కూడా అలా అనుకుని సర్దుకోవచ్చు. ఆ తర్వాతి రోజుల్లో మాత్రం నాకు తొందర లేదు. ప్రతి పొద్దున లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, నిజం తెలిసి ఊరుకున్నాను. రెండు సందుల అవతల ఆమె ఎడమచేత్తో తన తప్పు వెతుక్కుంటోంది.