పగలు ఎక్కని ముల్లు

మా బావకి నోట్లో నాలుక లేదంటారు అందరూ. ఆయనకి ఇవ్వాల్సింది కూడా కలిపి నాకే ఇచ్చినట్టున్నాడు దేవుడు. అందుకే ఆయన కథ ఆయన చెప్పుకోడు, నేను చెబుతున్నాను. మధ్యలో కోపం వస్తే తిడతాను కూడా. నచ్చనివాళ్ళు చెవులు మూసుకోండి.

బావంటే మా అక్క మొగుడు. ఒక పాత కారు నడిపేవాడు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడవాళ్ళం నలుగురం పొద్దున ఆ కారెక్కి వెళ్ళి, సాయంత్రం ఆ కారులోనే ఇళ్ళకి చేరేవాళ్ళం. నేను అక్కడ ఇస్త్రీ చేస్తాను. ఆ నలుగురి వల్లే మా అక్క ఇల్లు నడిచేది. బావ భుజం మీద ఎప్పుడూ ఒక పసుపు గుడ్డ ఉండేది. కారు ఆగితే చాలు, దిగి తుడుస్తూ నిలబడేవాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయనకి 'తుడుపాయన' అని పేరు పెట్టారు. "ఒసేయ్, మీ తుడుపాయన వచ్చాడు, పద పద" అని నన్ను తొందరపెట్టేవాళ్ళు. మా అక్కయితే, "ఆ అద్దాన్ని చూసినంత శ్రద్ధగా నా మొహం ఎప్పుడైనా చూశారా?" అని దెప్పేది. బావ నవ్వి ఊరుకునేవాడు. నవ్వడం ఒక్కటే ఆయనకి తెలిసిన జవాబు.

ఒక వానాకాలం ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేయాలని కొన్నాళ్ళు మూసేశారు. బావ ఊరికే కూర్చోలేని మనిషి కదా, కారు బానెట్ ఎత్తి చూస్తే లోపల రేకు తుప్పు పట్టి ఉందట. ఇక చూడాలి ఆయన హడావిడి. తీగలు ఒక్కొక్కటే విప్పి, బోల్టులన్నీ గిన్నెలో వేసి, గరుకు కాగితంతో రేకంతా రుద్ది, ఆకుపచ్చ రంగు పూశాడు. ఒక పూత ఆరాక ఇంకో పూత. ఏ మూలా వదల్లేదు. అంతా ఆరాక తీగలన్నీ ఎక్కడివక్కడ పెట్టి బోల్టులు బిగించాడు.

"బానెట్ లోపల ఎవరు చూస్తారు బావా?" అని నవ్వాను.

"నేను చూస్తాను కదా" అన్నాడు.

ఆయన జీవితంలో అంత గట్టిగా చెప్పిన మాట ఇంకోటి నేను వినలేదు.

ఫ్యాక్టరీ తెరిచారు. మొదటిరోజే సాయంత్రం ఇంటికి వస్తుంటే, ఇంజను వేడి చూపించే ముల్లు మధ్యలో ఉండాల్సింది మెల్లగా లేచి ఎర్రగీత దాటింది. దాని పక్కనే ఎర్రదీపం వెలిగింది. బావ కారు పక్కకి తీసి, అన్నీ ఆపేసి, బానెట్ ఎత్తి నిలబడ్డాడు. పొగ లేదు. కాలిన వాసన లేదు. నీళ్ళ డబ్బాలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. నేను బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాను.

"బావా, ఇది రోజూ ఉండే వేడే. పొద్దున ఫ్యాక్టరీ దగ్గర దిగినప్పుడు కూడా ఇంతే ఉంటుంది."

"చేత్తో తెలిసేదయితే మీటరెందుకు పెడతారు?" అన్నాడు ఆయన.

రోజంతా ఇస్త్రీపెట్టెతో వేగేదాన్ని. వేడి సంగతి ఈ చేతికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కానీ నా మాట ఎవరిక్కావాలి!

మర్నాడు కారు మెకానిక్కు దగ్గరకి వెళ్ళింది. వాణ్ణి ఊళ్ళో అందరూ 'డాక్టరు' అంటారు. ఇంజను మీద చెవి పెట్టి వింటాడని ఆ పేరు. ఇంజను వేడిని బట్టి నీళ్ళు వదిలే థర్మోస్టాట్ పోయిందన్నాడు, మార్చాడు. పట్టపగలు ఒక చుట్టు తిప్పి చూపించాడు, ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడింది. "చూశావా?" అన్నాడు. సాయంత్రం మళ్ళీ ఎర్రగీత. రేడియేటరు మార్చాడు. పగలు తిప్పి చూపించాడు. సాయంత్రం అదే భాగోతం. ఆ తర్వాత నీళ్ళు తోడే పంపు. వాడి షెడ్డు చీకటి పడకముందే మూసేస్తాడు. ఆ ముల్లు ఎక్కడం వాడు కళ్ళతో ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. అయినా వైద్యం మాత్రం ఆగలేదు.

నేను వెనకసీట్లో కూర్చుని రోజూ చూస్తున్నాను. పొద్దున ఎంత ఎండలో వెళ్ళినా ముల్లు కదలదు. సాయంత్రం చల్లగాలిలో, బావ లైట్లు వేసిన కాసేపటికి లేస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక షెడ్డుకి నేనూ వెళ్ళాను.

"పగలెందుకు ఎక్కదు బావా? లైట్లు వేశాకే ఎక్కుతోంది. ఒక్కసారి లైట్లు ఆపి చూడరాదూ?"

డాక్టరు పకపకా నవ్వాడు. "మనుషులకే అనుకున్నానమ్మా, చీకటి పడితే జ్వరం పెరుగుతుందని. ఇంజనుకి కూడానా?"

అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. బావకి తల కొట్టేసినట్టయింది. "చీకట్లో లైట్లు ఆపి నలుగురు ఆడవాళ్ళని తీసుకెళ్ళమంటావా? ఇస్త్రీ చేసుకునేదానివి, నీకెందుకీ గొడవ!" అని కసిరాడు. ఆ మనిషి నన్ను కసరడం అదే మొదలు. చెవిటివాడి ముందు శంఖం ఊదాను అనుకుని బయటకి వచ్చేశాను.

రోజూ దారిలో ఆగిపోతే ఎవరు మాత్రం ఎంతకాలం ఓర్చుకుంటారు? ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు, పొయ్యి వెలిగించాలి. కాలరు కుట్టే ఆవిడ ముందు బస్సుకి మారింది. గుండీల ఆవిడ, "ఏమనుకోకు అన్నయ్యా" అంటూ ఆవిడ వెనకే వెళ్ళింది. మూడో ఆవిడ చెప్పకుండానే మానేసింది. ఆఖరికి ముందుసీట్లో బావ, వెనక నేను. మనుషుల్లేని కారు తుడిచీ తుడిచీ ఆయన చిక్కిపోయాడు. అక్క వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "కారు పోతే ఇంకేదో ఒకటి తింటామే. కారు లేకపోతే ఆయన ఏమైపోతారోనని నా భయం" అని ఏడ్చింది.

డాక్టరు చివరి మాట చెప్పాడు. "ఇంజను పైన ఉండే హెడ్డు పోయింది. ఇంక దీని మీద చెయ్యి వేయడం దండగ. తుక్కుకి ఇచ్చెయ్. నీ మొహం చూసి నేనే తీసుకుంటాలే."

అప్పగించే రోజు పొద్దున బావ కారంతా తుడిచాడు. చక్రాల మధ్య మట్టి కూడా పుల్లతో గీకి తీశాడు. తుక్కులోకి పోయేదానికి అదెందుకు అని అడగబోయి, అక్క మొహం చూసి ఊరుకున్నాను. పసుపు గుడ్డ మడిచి ముందుసీటు మీద పెట్టి, తాళంచెవి ఇచ్చి నడిచి వచ్చాడు.

ఆ తర్వాత పెద్దాసుపత్రి గేటు దగ్గర పని దొరికింది. కారు వస్తే అడ్డకర్ర ఎత్తాలి, వెళ్ళాక దించాలి. వాళ్ళిచ్చిన చొక్కా ఆయనకి వదులు. నేను కుట్లు వేసి బిగించాను. ఇంటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేవాడు. దేన్నీ తుడిచేవాడు కాదు. మా అక్క కావాలనే గాజుగ్లాసు మరకలతో ఆయన ముందు పెట్టేది. ఆయన ఆ మరకల్లోనే నీళ్ళు తాగి లేచేవాడు.

ఎండాకాలంలో ఒక సాయంత్రం బస్సు తప్పిపోయి, రోడ్డు మీద కనపడిన అద్దెకారు ఎక్కాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, అది మా కారే. సీట్లకి కొత్త తొడుగులు వేశారు. తలుపు లోపల పిడి మాత్రం నా చేతికి తెలిసిన పిడే. లైట్లు వెలుగుతున్నాయి. ముల్లు మధ్యలో ఉంది.

"ఇంజను మార్చారా?" అని డ్రైవర్ని అడిగాను.

"ఎందుకమ్మా, ఇంజను బంగారం! డాక్టరుగారిదే ఈ బండి. ఎవరో మహానుభావుడు లోపలంతా రంగు పూశాడట. బ్యాటరీ నుంచి రేకుకి బిగించే తీగ ఉంటుంది చూడండి, దాని కిందా రంగే. రంగు మీద బిగిస్తే కరెంటు సరిగ్గా ఎలా పోతుంది? లైట్లు వేసి కరెంటు ఎక్కువ లాగితే చాలు, మీటరు తప్పు చూపించి ముల్లు ఉత్తిపుణ్యానికి లేచేదట. ఎలక్ట్రీషియన్ వచ్చి చాకుతో గీకి మళ్ళీ బిగించాడు. అంతే."

అంతే! దిగేటప్పుడు బానెట్ ఎత్తమని బతిమాలాను. ఆకుపచ్చ రంగు మధ్యలో బొట్టుబిళ్ళంత మేర గీకిన రేకు మెరుస్తోంది.

మర్నాడు నేరుగా షెడ్డుకి వెళ్ళి డాక్టర్ని పట్టుకున్నాను. "నాకు మాత్రం అప్పుడు తెలుసా తల్లీ?" అన్నాడు.

"అప్పుడు తెలీదు, ఒప్పుకుంటాను. తెలిశాక? ఆ మనిషి గేటు దగ్గర కర్ర ఎత్తుతున్నాడని నీకు తెలీదూ? ఒక్క మాట వచ్చి చెప్పడానికి నీ నోరేమైంది? పడిపోయిందా?"

వాడు నా వైపు చూడకుండా, బిగించి ఉన్న బోల్టునే మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు. తెలియక చేసినవాణ్ణి తిట్టి వదిలేస్తాను. తెలిసి నోరు మూసుకున్నవాణ్ణి మాత్రం చచ్చినా క్షమించను.

అక్కకి చెప్పాను. అక్క పొయ్యి ఆర్పి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆయనకి చెప్పకే" అంది. "కారు బాగానే ఉందని చెప్పాలంటే, చెడగొట్టింది ఆయన చేతులేనని కూడా చెప్పాలి. ఆ రంగు ఎంత మురిసిపోతూ వేసుకున్నారో నువ్వూ చూశావు కదా."

కడుపులో మాట దాగని నేను, ఆ మాట మింగాను. ఎలా మింగానో నాకే తెలియాలి. బావ ఎదురుగా కూర్చుంటే పళ్ళు బిగించుకునేదాన్ని.

కానీ కారుకి చక్రాలుంటాయి. మొన్న నేను అక్క దగ్గర కూర్చుని ఉండగా బావ పని నుంచి వచ్చాడు. చెప్పులు విప్పాడు, చొక్కా విప్పలేదు.

"మన కారు ఆసుపత్రికి వచ్చింది" అన్నాడు. "లైట్లు వేసుకుని వచ్చింది. అద్దంలోంచి ముల్లు చూశాను. బానెట్ ఎత్తమన్నాను. గీకిన చోటు చూపించి, ఇంతకుముందు ఒకావిడ కూడా ఇలాగే ఎత్తమందన్నాడు డ్రైవరు."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

బావ నా వైపు తిరిగాడు. "నీకు తెలుసు కదూ?"

తల ఊపాను.

"పగలెందుకు ఎక్కదు బావా అని అడిగావు" అన్నాడు. "నేనే కసిరాను."

ఈ ఒక్క మాట కోసం ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నానో! 'ఇప్పటికైనా తెలిసిందా ఈ ఇస్త్రీదాని మాట' అని దులిపేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో! తీరా ఆయన అన్నాక నాకు ఏడుపు వచ్చింది. "మీ తప్పేం లేదు బావా, ఆ డాక్టరుకి తెలియాలి గానీ..." అని ఏదో గొణిగాను. ఆయన వినలేదు.

"శుభ్రంగా ఉండాలనే కదా వేశాను" అన్నాడు తన చేతులు చూసుకుంటూ.

అక్క కంచం పెట్టింది. ఆయన కూర్చున్నాడు గానీ చెయ్యి కడుక్కోలేదు.

"ఆసుపత్రి నర్సుల్ని తీసుకొచ్చి తీసుకెళ్ళడానికి మాట్లాడుకున్నాడట ఆ డ్రైవరు. ఇక రోజూ వస్తుంది" అన్నాడు. "కర్ర నేనే ఎత్తాలి."