కుడివైపు కిటికీ

విమానంలో ఎక్కడ కూర్చోవాలో మా ఆఫీసులో ఒక్కరికే తెలుసు. మా సెక్షన్ పెద్దాయన అప్పటికి రెండుసార్లు విమానమెక్కాడు, ఆ రెండు ప్రయాణాలనూ ఇరవైసార్లు చెప్పాడు. నన్ను మొదటిసారి ఆఫీసు పనిమీద బొంబాయి పంపుతున్నారని తెలియగానే టీ గ్లాసుతో వచ్చి నా బల్ల అంచున కూర్చున్నాడు.

"చూడు భాయ్, ముందుగాల పోయినోనికే కిటికీ. కౌంటర్ల కుడి పక్క అడుగు. రెక్క మీద ఇస్తె తీస్కోకు, రెక్క తప్ప ఏం కనబడది. ఎనక అడుగు. గీ చలికాలం గాలికి బేగంపేటల తూర్పుకు లేస్తది, లేసి కుడికి మర్లుతది. అప్పుడు పాతబస్తీ అంత నీ ఒళ్ల వడ్డట్టే."

మా ఇల్లు ఆ పాతబస్తీలోనే, గౌలిపురాలో. ఈ ముచ్చట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను.

"అయితె నేను డాబా ఎక్కుత. నువ్వు నన్ను చూడు" అంది అమ్మ.

అన్ని డాబాల్లో మనది ఎలా తెలుస్తుందన్నాను. తెల్ల చెద్దరు పరుస్తానంది. తెల్లది అందరి డాబాల మీదా ఆరేసి ఉంటుంది, పెళ్లిళ్లకు పరిచే ఎర్ర జంపఖానా పరచమని పట్టుబట్టింది నేనే.

"నేను చెయ్యూపుత, నువ్వు గూడ ఊపాలె" అంది. చిన్నపిల్లలా మాట తీసుకుంది.

ఆ వారం బస్తీ బాగాలేదు. జరిగిందేమీ లేదు గాని, దుకాణాల షట్టర్లు సగమే లేస్తున్నాయి. వెనక గల్లీ నుంచి మాకు పాలు పోసే ఆయన బాగా తెల్లారితే గాని బయటికి రావడం లేదు. వచ్చినా తలెత్తకుండా కొలిచిపోసి వెళ్లిపోతున్నాడు. ఏమైందని ఎవరినడిగినా "ఏం లేదు" అనేవారు. ఆ మాట వింటేనే నాకు భయమేసేది.

ప్రయాణం రోజు మూడింటికి ఆటో ఎక్కాను. అమ్మ అప్పటికే జంపఖానా బయటికి తీసి దులుపుతోంది.

దబీర్‌పురా దగ్గర పోలీసు జీపు అడ్డమొచ్చింది. నాలుగింటి నుంచి కర్ఫ్యూ, ఎవరూ ఇల్లు కదలొద్దు, డాబాలెక్కొద్దు అని మైకులో చెబుతున్నారు. ఆటో ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి "వాపస్ జానా క్యా సాబ్?" అన్నాడు.

ఇల్లు పది నిమిషాల దూరం. మైకు వినబడినా అమ్మ ఆగదని నాకు తెలుసు, కొడుక్కి మాటిచ్చింది మరి. పోయి, ఎక్కొద్దని ఒక్క మాట చెప్పి రావచ్చు. కాని అంతలో వేరేవాళ్లు నాకంటే ముందు కౌంటర్ దగ్గరికి చేరతారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నేను భయపడింది విమానం తప్పిపోతుందని కూడా కాదు, కిటికీ పోతుందని.

"నై, చలో" అన్నాను.

కిటికీ దొరికింది. కుడివైపు, రెక్కకు వెనక. పొద్దు గూకే వేళ విమానం పెద్దాయన చెప్పినట్టే తూర్పుకు లేచి కుడికి ఒరిగింది. మూసీ కనబడింది, తర్వాత నాలుగు మినార్లు. వీధుల్లో ఒక్క బండి కదలడం లేదు. బస్తీ మీద పలచగా పరుచుకున్నది సాయంత్రం పొయ్యిల పొగే అనుకున్నాను. అమ్మను పోలీసులు ఏమన్నా చేశారేమోనని ఇంకాస్త ముందుకు వంగాను. మినార్ల నుంచి దక్షిణానికి చూపు జరుపుకుంటూ మా ఇల్లుండాల్సిన చోటికి వచ్చాను.

ఎర్రగా, చిన్నగా, అక్కడే ఉంది.

ప్రాణం లేచి వచ్చింది. పక్కసీటాయన మోచెయ్యి పట్టి లాగి "అదే మా ఇల్లు, మా అమ్మ పరిచింది" అన్నాను. చెయ్యి అద్దానికి ఆనించి ఊపాను. ఆ ఎరుపు కూడా కదిలింది. జంపఖానా గాలికి లేస్తోందనుకున్నాను.

మా ఇంట్లో ఫోను లేదు. నాలుగు రోజుల తర్వాత, కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో ఇంటికి చేరాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. జంపఖానా పెట్టె మీద మడిచి ఉంది.

"ఏడ పరుస్త బిడ్డా. మెట్ల మీద ఉండంగనే పోలీసోల్లు కేకేసిన్రు, దిగిన. నువ్వు ఎదురు చూసినవేమోనని మస్తు బాధైంది."

వెనక కిటికీలోంచి కాలిన వాసన వస్తోంది. గల్లీలో ఏమైందని అడిగాను. అమ్మ చేతులు ఆగాయి.

"పాలాయన గడ్డివాముకు అగ్గి వెట్టిన్రు. పొద్దు గూకంగ. బర్ల పలుపులు ఇప్పుతనని లోపటికి ఉరికిండు. మేం గీ కిటికీలకెల్లి మొత్తుకునుడే గని, ఎవ్వలం బయటికి పోలే."

బర్రెలు నాలుగూ బయటికి వచ్చాయట. ఆయన రాలేదు.

అమ్మ మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. తర్వాత, నా మనసు మళ్లించడానికే కాబోలు, "అయితె నువ్వు చెయ్యూపలేదా బిడ్డా?" అని అడిగింది.

"లేదమ్మా. ఏం కనబడలే" అన్నాను.