‘పోయింది’ అన్నారు

1984 ఎండాకాలం. వరంగల్ పెద్దదవాఖాన వెనక, ఎక్స్‌రే గదిని ఆనుకొని మా గది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే మనం ఉడికిపోతాం. దేశంలో ఏ కేన్సర్ ఎంతమందికి వస్తుందో లెక్క తేల్చే పనిలో మా జిల్లా వంతు మాది. దీన్ని రిజిస్ట్రీ అంటారు. దవాఖానకు వచ్చినవాళ్లను లెక్కపెడితే చాలదు. ఇక్కడి జనంలో ఆ జబ్బు పడ్డ ప్రతి మనిషినీ వెతికి పట్టుకోవాలి, ఏ ఒక్కరినీ రెండుసార్లు రాయకూడదు. తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో ఇళ్లకు వెళ్లి కనుక్కోవాలి. అది ఫాలో-అప్. నాకు ఒకచోట కూర్చుంటే ఊపిరాడదు. ‘కాలుగాలిన పిల్లి’ అని మా అమ్మ తిట్టేది. ఆ తిట్టుకు తగ్గ ఉద్యోగమే దొరికింది.

రాజవ్వది పాలంపేట వైపు ఓ పల్లె. నలభై దాటలేదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు. బయాప్సీ చేస్తే, అంటే చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, కేన్సరని తేలింది. హైదరాబాదులో రేడియేషన్‌కు బెడ్డు కూడా మాట్లాడారు. రేడియేషన్‌ను జనం ‘కరెంటు పెట్టుడు’ అంటారు. “ఇప్పుడే వెళ్తే బతుకుతుంది, ఆలస్యమైతే చెప్పలేను” అన్నారు డాక్టరుగారు. ఇంట్లో చెప్పి వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు.

ఆ వైపు ఊళ్లు తిరిగే మా రాజలింగం వాళ్లింటికి వెళ్లాడు. గడపలో బియ్యం చెరుగుతున్న అత్త తలెత్తకుండానే “పోయింది” అన్నదట. “ఎప్పుడవ్వా?” అంటే “అమాస ముందటి రోజు” అన్నదట.

“పోయిందన్న ఇంట్ల ఇంకేమడుగుతం మేడం? దండం పెట్టి వచ్చిన” అన్నాడు.

మర్యాద తెలిసినవాడు కనుక అడగలేదు. మా లెక్కలో రాజవ్వ చనిపోయినవాళ్లలో చేరింది. హైదరాబాదు బెడ్డు ఇంకొకరికి ఇచ్చేశారు. నాకు మాత్రం మనసు కుదుట పడలేదు. నడుచుకుంటూ వచ్చిన మనిషి అంత తొందరగా ఎలా పోతుంది? డాక్టరుగారిని అడిగితే, రక్తం ఎక్కువ పోతే అలా కావచ్చన్నారు. సరే అనుకున్నాను గానీ, రాత్రి పడుకుంటే అదే గుర్తొచ్చేది.

వానలు మొదలయ్యాక డోర్నకల్‌లో కొత్త కేసుందని కబురొచ్చింది. కొమురయ్య అనే రైల్వే గ్యాంగ్‌మన్ అక్క, పేరు రాజేశ్వరి. అదే జబ్బు. మొదటి బండికే బయల్దేరాను. ఆమె నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉంది.

“ఇంతకుముందు ఎక్కడన్నా చూపించుకున్నవా అక్కా?”

“వరంగల్ పెద్దదవాఖానల ముక్క తీసిండ్రు చెల్లె.”

రాస్తున్న కాగితం పక్కన పెట్టాను. అత్తగారి ఊరు అడిగితే పాలంపేట వైపు ఆ పల్లె పేరే చెప్పింది.

“నువ్వు రాజవ్వవా?”

“అత్తగారింట్ల గట్లనే పిలుస్తరు.”

“అయ్యో, నువ్వు పోయినవన్నరు గదా!” నోరు జారాను.

ఆమె ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది.

“నేను పోలే చెల్లె. తోలిండ్రు.”

వాసనొస్తుందన్నారట. పిల్లలకు అంటుకుంటుందని పళ్లెం వేరు చేశారట. చివరికి ఓ రోజు మొగుడే తల్లిగారింటి బస్సెక్కించాడట. అత్త అబద్ధమాడలేదు. కోడలు తల్లిగారింటికి పోయిందని ఆమె ఉద్దేశం, మావాడు పైకి పోయిందనుకున్నాడు. ఆ ముసలమ్మ మీదా, మావాడి మీదా, మొత్తం లోకం మీదా కోపమొచ్చింది నాకు.

కొమురయ్య నన్ను బయటికి పిలిచి, “ఇప్పుడు పోతె బతుకుతదా మేడం? నిజం చెప్పుండ్రి” అన్నాడు.

అప్పుడే వెళ్లి ఉంటే అనబోయి మింగేశాను. “రేపే పోదాం, నేనూ వస్తా” అన్నాను.

వెళ్లాం. కరెంటు పెట్టారు. అప్పటికే జబ్బు ముదిరింది. అయినా రాజవ్వ ఏడాదిన్నర పైగా, మళ్లీ మేడారం జాతర దాకా నిలిచింది. తమ్ముడు దగ్గరుండి తీసుకుపోయి ఆమె ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూచి సమ్మక్కకు మొక్కు చెల్లించాడు. తిరుగు దారిలో దవాఖానకొచ్చి నా చేతిలో ప్రసాదం పెట్టింది.

“నా మొక్కు అగ్గువకే తీరింది చెల్లె, నా బరువెంతని!” అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొత్తగా చేరిన వాళ్లందరికీ అప్పటినుంచి ఒకటే చెప్పేదాన్ని. ‘పోయింది’ అనగానే దండం పెట్టి లేచి రావద్దు, తిట్టినా సరే, ఎక్కడికని అడగండి. నేనూ ప్రతి గడపలో అడిగాను. కొన్నిచోట్ల తిట్లు తిన్నాను. కొన్నిచోట్ల మనుషులు బతికే దొరికారు.

జాతర తర్వాత వచ్చిన ఎండాకాలమే కొమురయ్య మా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“అక్క పోయింది మేడం.”

“ఎక్కడికి?” అనేశాను అలవాటుకొద్దీ. వెంటనే నాలుక కరుచుకున్నాను.

అతను కోప్పడలేదు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“ఎక్కడికీ తోలలే మేడం. మా ఇంట్లనే పోయింది.”