కొండలంటే గిట్టని సుగుణక్కతో ఒక రోజు

2023 డిసెంబరు. అనంతపురంలో అప్పుడప్పుడే చలి మొదలవుతోంది. మా ఊళ్లో చలి అంటే పొద్దున కాసేపు ఫ్యాను వేయకుండా కూర్చోగలగడం, అంతే. ఏడాది మొత్తంలో బయట తిరగడానికి వీలైన రోజులు అవే కాబట్టి మా ట్రావెల్స్ ఆఫీసుకు అసలైన సీజన్ కూడా అదే.

మాది పెద్ద కంపెనీ కాదు. నేను, ఒక ఫోను, వీధిలో నిలబెట్టిన కారు, దాన్ని నడిపే వన్నూరప్ప. ఎక్కువగా గుడి ప్రయాణాలే వస్తుంటాయి. గుళ్లకు పోయేవాళ్లకు నా సలహాతో పనిలేదు, ఎక్కడికి పోవాలో వాళ్లకే తెలుసు. కొండలు, చెరువులు, కోటలు చూపించమని వచ్చేవాళ్లకే నా అవసరం. వాళ్లకు ఐటినరరీ తయారుచేస్తాను. అంటే ఏ చోటికి ఎప్పుడు చేరాలి, ఎంతసేపు ఆగాలి, ఆ వేళకు ఎండ ఎటునుంచి పడుతుంది, భోజనం ఎక్కడ, బాత్రూం ఎక్కడ అన్న ప్లాను. ఊళ్లూ దారులూ తెలిస్తే ఈ పని వచ్చేసినట్టేనని బయటివాళ్లు అనుకుంటారు. అది ఎందుకు సరిపోదో చెప్పాలంటే ప్రభుదాస్ సార్ సంగతి చెప్పాలి.

ఆయన రాయదుర్గం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ, అంటే ఆటల మాస్టారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషైనా తలమీద టోపీ, కాళ్లకు బూట్లు, మాట్లాడేటప్పుడు కూడా నిటారుగా నిలబడటం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, ఒక దినం ట్రిప్పు కావాల. ఇద్దరమే, నేనూ మా ఇంటామె. తెల్లారేలోపల రాయదుర్గం కోట ఎక్కేయాల. మధ్యాన్నం వజ్రకరూరు చేలల్లో తిరగాల, వజ్రాలు దొరుకుతాయంటారు కదా, ఆడ. సాయంత్రం ఇంకో కొండ ఏదన్నా మీరే చెప్పండి."

"మేడంగారికి కొండలెక్కే అలవాటుందా సార్?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "కొండ పేరెత్తితేనే ఆమెకు పడదు."

ఆ తర్వాత కూర్చున్నారు. ఆదివారం వస్తే చాలు, స్నేహితులతో ఏదో ఒక కొండకు పోవడం ఆయనకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఉన్న అలవాటు. భార్య సుగుణమ్మ ఒక జీన్స్ యూనిట్లో చెకింగ్ ఇన్‌ఛార్జి. ఆదివారం ఆమె ఇంట్లో, ఈయన కొండమీద. కూతురికి పెళ్లయిపోయింది, ఇంట్లో ఇద్దరే.

"రేపు రిటైరయితే రోజంతా ఆమెతోనే కదా మేడం ఉండాల. ఇద్దరం కలిసి చేసే పని ఒకటీ లేదు మాకు. ఎన్నిసార్లు పిలిచినా రాదు. ఈ ఒక్కసారి అడిగి చూస్తా. ఇదీ కుదరకపోతే ఇంగ అడగను."

ఆయన ప్లాను అలాగే ఒప్పుకొని ఉంటే నాకు పని తేలికయ్యేది. కానీ ఆ ప్లానులో ఆమెకు నచ్చేది ఒక్కటీ లేదు. ముందు ఆమెతో మాట్లాడతానన్నాను. ఆయన కంగారుపడ్డారు.

"ఆమెతోనా? వద్దంటాది మేడం."

"ఎందుకు వద్దంటున్నారో తెలుస్తుంది కదా సార్."

రెండు రోజుల తర్వాత రాయదుర్గం పనిమీద వెళ్లినప్పుడు భోజనం వేళకు జీన్స్ యూనిట్‌కు వెళ్లాను. లోపల వరుసగా కుట్టుమిషన్లు. ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. గాలినిండా సన్నటి నీలం నూగు. చివర ఒక పొడుగాటి బల్ల దగ్గర నిలబడి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ప్యాంటు కుట్లు పట్టి పట్టి చూస్తున్న మనిషే సుగుణక్క. భోజనం గంట కొట్టి మిషన్లు ఆగాక, నేను ట్రావెల్స్ మనిషినని చెప్పగానే విషయం అర్థమైపోయింది ఆమెకు.

"ఆయన పంపించినాడా నిన్ను?"

"నేనే వచ్చానక్కా."

"ఇదో, ఆ కిటికీలోంచి చూడు. కొండా కనపడతాండాది, కోటా కనపడతాండాది. దినామూ చూస్తాండా. దానికి కారెందుకమ్మా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. టిఫిన్ డబ్బా తెరిచి నా చేతిలో సగం రొట్టె పెట్టింది. తింటూ ఒక్కొక్కటే అడిగాను. ఎండా? కాదు. పాములు, తేళ్లా? అవి పెరట్లోనూ వస్తాయంది. మరేమిటి?

"పెండ్లయిన కొత్తల్లో ఒకసారి పోయినా. ఆయన, ఆయన స్నేహితులు, నేను. కొత్త చెప్పులు, కాళ్లు కొట్టుకుపోయినాయి. వాళ్లందరూ పైన బండమీద కూచోని నాకోసం చూస్తాండారు. నేను వొగర్చుకుంటా ఆడికి పోతానే లేచి మల్ల నడుస్తారు. నేను పోయేసరికి వాళ్ల రెస్టు అయిపోతాది. నాకు రెస్టే లేదు. పైగా 'ఇంకొంచెం దూరమే' అంటాడు. ఆ దినమే అనుకున్నా, ఇంగ నేను రాను అని."

ఆమెకు కొండలు గిట్టకపోవడం కాదు. తనకోసం నలుగురు ఆగి చూడటం గిట్టదు. ఆ తేడా ప్రభుదాస్ సార్‌కు ఇన్నేళ్లూ తెలియలేదు. ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

"మీకు ఎలాంటి చోటైతే నచ్చుతుందక్కా?"

ఆ ప్రశ్న ఆమెను అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేరు.

"కూచోవాల. పొద్దస్తమానం నిలబడే పని నాది. ఊరికే కూచోవాల. ఈ మిషన్ల సద్దు ఉండకూడదు. అట్లాంటి చోటు మన జిల్లాలో యాడన్నా ఉంటే చెప్పు, వస్తా. నన్ను తొందర పెడితే మాత్రం నడిమధ్యలో బస్సెక్కి ఇంటికి వచ్చేస్తా."

మా పనిలో రెక్కీ అని ఒకటి ఉంటుంది. ప్రయాణికులను తీసుకుపోయే ముందు మనమే పోయి ఆ చోటు చూసుకోవడం. ఈ జంట కోసం వన్నూరప్పను తీసుకుని రెక్కీకి బయలుదేరాను. రాయదుర్గం కోట ఆమె రోజూ చూసేదే, దాన్ని ముందే తీసేశాను. వజ్రకరూరు చేలల్లో నీడ లేదు, అక్కడ తిరగడమే తప్ప కూర్చోవడం ఉండదు. తీసేశాను. గాలిమరల కొండమీదికి కారు నేరుగా పోతుంది, చూపు చాలా దూరం పారుతుంది. కానీ ఆ రెక్కల హోరు మిషన్ల హోరుకు తక్కువేమీ కాదు. అదీ తీసేశాను. కణేకల్లు చెరువు కట్టమీద కారు ఆపితే సీట్లోంచి దిగకుండానే కొంగలూ బాతులూ కనిపిస్తాయి. అది ఉంచాను. అక్కడినుంచి బొమ్మనహాళ్ వైపు, హగరి ఏటి పక్కన ఇసుక దిబ్బలు. ఎడారిలాగే ఉంటాయి. బండ్ల దారిలో కారు దిబ్బ మొదలు దాకా పోతుంది.

వన్నూరప్పకు నా ఎంపిక నచ్చలేదు. "ఏమమ్మా, ఇసుక చూపించనీకి ఇంత దూరమా? ఈ ఇసుక మీదపడే కదా జనం చేలు వదిలేసి పోయినారు."

"వాళ్లకు అది కష్టమే అన్నా. ఒక్క పూట చూసి పోయేవాళ్లకు వేరేగా ఉంటుంది."

"ఏమో తల్లీ. కుర్చీలైతే తీసుకొస్తా."

అనుకున్న రోజు తీరిగ్గా, ఉగ్గాని బజ్జి తిన్నాకే రాయదుర్గం నుంచి కదిలాం. సుగుణక్క కొత్త చీర కట్టుకుంది. ప్రభుదాస్ సార్ బూట్లు, టోపీ, మెడలో బైనాక్యులర్స్. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఇలాంటి ప్రయాణాలకు మామూలుగా నేను వెళ్లను, కానీ ఈసారి ఇంట్లో కూర్చుంటే ప్రాణం ఊరుకోదనిపించింది.

చెరువు దగ్గర అంతా పాడయ్యేలా కనిపించింది. కారు ఆగీ ఆగగానే సార్ తలుపు తెరుచుకుని దిగారు. ఎర్రకాళ్ల కొంగలు కనపడ్డాయో ఏమో, బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని కట్టమీద నడక మొదలుపెట్టారు. కాసేపటికి టోపీ తప్ప ఏమీ కనిపించలేదు. దూరం నుంచి రమ్మని చెయ్యి ఊపుతున్నారు.

సుగుణక్క చేతులు కట్టుకుని సీట్లోకి వెనక్కి జరిగింది. "చూస్తివా? ఇదే. ఆయన ఆడ నిలబడి నాకోసం చూస్తాడు. వన్నూరప్పా, బండి తిప్పు నాయనా."

వన్నూరప్ప నా ముఖం చూశాడు. ఒక్క నిమిషం ఆగమని నేను కట్టమీద పరుగులాంటి నడకతో సార్ దగ్గరికి వెళ్లాను. చుట్టూ తిప్పి చెప్పే ఓపిక లేక సూటిగానే చెప్పాను.

"సార్, ఈ రోజు మీరు ముందు నడవకూడదు. పిలవకూడదు. ఆమె కూర్చుంటే మీరూ కూర్చోవాలి."

ఆయన ముఖం చిన్నబోయింది. "నేనేం చేసినా మేడం? మంచి పిట్టలుంటే పిలిచినా, చూస్తాదని."

యూనిట్లో ఆమె చెప్పింది చెప్పాను. కొత్త చెప్పుల సంగతి, బండమీద స్నేహితుల సంగతి. ఆయన వింటూ చెరువువైపు చూస్తూ నిలబడ్డారు.

"ఆ దినం కాళ్లు కొట్టుకుపోయినాయని నాకు తెలీదు మేడం," అన్నారు చివరికి. "నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణే. ఆమె నవ్వుతా వచ్చేది."

వెనక్కి వచ్చి కారులో ఆమె పక్కన కూర్చుని బైనాక్యులర్స్ ఆమె ఒళ్లో పెట్టారు. ఆమె వాటిని ముట్టుకోలేదు. కానీ బండి తిప్పమని మళ్లీ అనలేదు. చెట్టు నీడన జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడితో భోజనం చేశాం. పొడిలో కారం తక్కువైందని ఆమె అంటే ఆయన వెంటనే అవునన్నారు. ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. "ఏం చెప్పినావమ్మా ఈయనకు?" అని నన్నడిగింది. నేను మాట తప్పించి, నాకైతే కారం ఎక్కువే అయిందన్నాను.

ఎండ తగ్గే వేళకు దిబ్బల దగ్గరికి చేరాం. వన్నూరప్ప మొదటి దిబ్బ వాలులో రెండు కుర్చీలు వేశాడు. కాస్త వెనక, కారు పక్కన, మేమిద్దరం నిలబడ్డాం. ముందంతా ఇసుక. గాలి గీసిన సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి, చూపు ఆనినంత మేరా.

సుగుణక్క చాలాసేపు చూసింది. "జీన్స్ వాష్ చేసినాక తొడల మీద గీతలు తెప్పిస్తాం కదా, అట్లనే ఉండాది," అంది. "మేము చేసినదానికంటే బాగుండాది."

ఆమె తల పక్కకు వంచి, చెవిలో నీళ్లు పోయినప్పుడు చేసినట్టు ఒకసారి విదిలించింది.

"సద్దు పోయింది."

"ఏం సద్దు?"

"మిషన్లది. ఇంటికొచ్చినా చెవుల్లో తిరుగుతానే ఉంటాది. పండుకున్నా పోదు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఆదివారం చెప్దామంటే నువ్వు ఇంట్లో ఉంటే కదా."

కోపంగా అనలేదు. ఆయన బూటు కొనతో ఇసుకలో గీత గీస్తూ ఉండిపోయారు. తర్వాత మెల్లగా అన్నారు, "నేను కొండలమీదికి పోయేదీ దానికే సుగుణా. వారమంతా విజిలు, పిల్లోళ్ల కేకలు. ఆడికి పోతే చెవులు చల్లగా ఉంటాయి."

ఆమె తిరిగి ఆయన ముఖంలోకి చూసింది. "ఎక్కనీకి పోతావనుకున్నా."

"ఎక్కేది అయిపోతే కదా, కూచునేది."

వన్నూరప్ప నన్ను మోచేత్తో పొడిచి కారు అవతలివైపుకు రమ్మన్నాడు. మేం అక్కడ నిలబడి ఫ్లాస్కులో టీ పోసుకున్నాం. టీ అయిపోకముందే చూస్తే ఒక కుర్చీ ఖాళీగా ఉంది. సుగుణక్క చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, ఒక్కతే దిబ్బ ఎక్కుతోంది. ఎవరూ పొమ్మనలేదు. అవతల ఏముందో చూడాలనిపించినట్టుంది. సార్ మాత్రం కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నారు. నావైపు తిరిగి, క్లాసులో పిల్లవాడు బయటికి పోవడానికి అడిగినట్టు, "పోవచ్చా మేడం?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోగా దిబ్బమీది నుంచే జవాబు వచ్చింది.

"ఏమయ్యా, ఆడనే కూచుంటావా? రా, ఏరు కనపడతాండాది."

ఆయన లేచారు. ఇసుకలో బూట్లు దిగబడి తడబడ్డారు. ఆమె పైన నిలబడి చూస్తూ నవ్వుతోంది. ఆయన పైకి చేరాక కూడా వెంటనే కదల్లేదు. ఆయన ఊపిరి కుదుటపడేదాకా ఆగి, అప్పుడు పక్కపక్కనే అవతలికి దిగిపోయారు. సూర్యుడు కుంగేదాకా తిరిగి రాలేదు. ఇద్దరి చీలమండల దాకా ఇసుకే.

ఆ తర్వాత వాళ్లు చాలా ప్రయాణాలు చేశారు. కొన్ని నాతో, కొన్ని బస్సుల్లో. ఆయన రిటైరయ్యారు. స్నేహితులతో కొండలకు పోవడం మానలేదు, ఆమె ఎక్కడం మొదలుపెట్టనూ లేదు. మానాల్సిన, మొదలుపెట్టాల్సిన అవసరమూ లేదు. ఇద్దరూ కూర్చోవడానికి చోట్లు వెతుక్కుంటున్నారు, అంతే.

ఆ రోజు తర్వాత నా పని మారింది. ఒక చోటు ఎంత అందంగా ఉందన్నది ఇప్పుడు నేను ఆఖర్న చూస్తాను. ఎవరైనా వస్తే, వాళ్లలో రావడం ఇష్టంలేని మనిషెవరో కనుక్కుని ముందు వాళ్లతో మాట్లాడతాను. ఏం చూడాలనుందని అడగను. అడిగితే తాము విన్న పేర్లే చెబుతారు. అక్కడ ఏం లేకుండా ఉండాలని అడుగుతాను. ఒక బ్యాంకు ఉద్యోగి ఫోను మోగకూడదన్నాడు. ఒకావిడ ఆ పూటకు ఏం వండాలన్న ప్రశ్న ఉండకూడదంది. అలాంటి జవాబు ఒకటి దొరికితే చోటు దానంతటదే తోస్తుంది.

మొన్నామధ్య కంబదూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వాననే నమ్ముకున్న మెట్ట సేద్యం. కొడుకు బలవంతం మీద వచ్చాడు. "ఏం లేని చోటు కావాల పెద్దాయనా?" అని అడిగాను.

ఆయన తలపాగా సర్దుకుంటూ అన్నాడు. "లేని చోట్లు చానా చూసినా తల్లీ. ఉన్న చోటు ఒకటి చూపించు. వాన పడేది చూడాల నాకు. ఒక దినమంతా ఆగకుండా పడతాదంట కదా, కర్ణాటకలో ఆ మలెనాడు కొండల్లో. ఆడికి తీసకపో."

జూలైలో తీసుకెళ్లాం. కొడుకు గొడుగులు పెట్టమన్నాడు. పెద్దాయన కారు దిగేటప్పుడే వాటిని సీటు కిందికి తోసేశాడు.