పచ్చకామెర్లు కావు, మామా

నిన్న సాయంత్రం మార్కాపురం బస్టాండులో ఉండగా అత్త ఫోన్.

ఎత్తితే ఏడుపు తప్ప మాట లేదు. అంబులెన్స్ డ్రైవర్ ఎవరితోనో "ఇంక గుంటూరు పోయే పనిలేదు, బండి ఎనక్కి తిప్పినా" అనడం వినిపించింది.

అలా తెలిసింది నాకు.

మా మామ పోయాడు. అమ్మకు తమ్ముడు. త్రిపురాంతకం దగ్గర గొర్రెలు మేపుకునే మనిషి.

ఒక గొర్రెకు నా పేరు పెట్టాడు. ఎందుకు మామా అంటే, అది ఊరికే అరుస్తుందనీ, ఎవరి మాటా వినదనీ చుట్టాలందరి ముందు నా పరువు తీశాడు.

గుండె లయ తప్పుతోందని డాక్టరమ్మ రోజుకో చిన్న మాత్ర రాసింది. గొర్రెల వెంట పోతే ఇంకేముంది, మాత్రలు ఇంట్లోనే. మొన్న, చెకప్ దగ్గర పడిందని చూసుకుంటే స్ట్రిప్పు నిండా మిగిలున్నాయి. ఆమె తిడుతుందని భయం. పారేయడానికి మనసు రాదు.

అన్నీ ఒకేసారి మింగేశాడు. ఎవరికీ చెప్పలేదు.

నిన్న తెల్లారేసరికి వాంతులు. కళ్ళకు అంతా పచ్చగా కనపడుతోందన్నాడు. "కామెర్లోడికి లోకమంతా పచ్చన అంటారు గదా, అదేలే" అని తనే తేల్చేశాడు. ఇంట్లో అందరూ నమ్మారు. పసరు మందుకని పక్కూరు తీసుకెళ్ళారు. పూటంతా అక్కడే పోయింది.

కళ్ళు తిరిగి పడిపోయాక గానీ మార్కాపురం ఆసుపత్రికి తేలేదు.

నేను గిద్దలూరు నుంచి వెళ్ళేసరికి ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. మానిటర్ మీద గుండె కొట్టుకునే నంబర్ మాత్రం పైకి రావట్లేదు. అక్కడి డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు మామ, మాత్రల సంగతి. ఆ మందే ఎక్కువై గుండెను నెమ్మది చేసేస్తోందట. పచ్చగా కనపడటం కూడా దానివల్లేనట.

"దీనికి విరుగుడు ఉందమ్మా. మన దగ్గర లేదు," అన్నాడాయన.

ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. నేనూ తెలిసిన ప్రతి మెడికల్ షాపుకూ చేశాను. ఎక్కడా లేదు. చివరికి టెంపరరీ పేస్‌మేకర్ పెట్టించాలి, వెంటనే గుంటూరు తీసుకెళ్ళండి అన్నారు.

మందు ఉంది, కానీ లేదు. ఆ మాటను ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియట్లేదు.

అంబులెన్స్‌లో అత్త ఒక్కదాన్నే ఎక్కనిచ్చారు. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"కామెర్లు కాదంట గదా పాపా. ఇంకేం భయం లేదులే. నువ్వు ఇంటికి పో."

నేను తలూపాను. బస్టాండు వైపు నడిచాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రలు మిగిలిపోతే, దయచేసి తిట్టకండి.

ఇక సెలవు మామా. నీ గుండె ఇకనైనా నిమ్మళించాలి.